ఇల్లు లేని పిల్లవాని ఇళ్ళు

1934వ సంవత్సరం శరత్కాలంలో అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళ జట్టు ఒకటి జపాను దేశానికి ప్రయాణమైనది. ఆ జట్టులో అందరికన్న ప్రసిద్ధుడు జార్జి హెర్మన్ రూత్. లోకం అతనిని బేబ్ రూత్ అని పిలిచేది. విదేశయానానికి పాస్‌పోర్టు కావలెను. పాస్‌పోర్టుకు జన్మతేదీ రుజువు కావలెను. బాల్టిమోరు నగరపు జనన పట్టికలో వెదకించినప్పుడు ఒక విచిత్రమైన సంగతి బయటపడినది. తాను 1894 ఫిబ్రవరి 7న పుట్టినానని అతడు అంతవరకు నమ్ముతూ వచ్చినాడు. పట్టికలో ఉన్న తేదీ 1895 ఫిబ్రవరి 6. నలుబది ఏండ్లు నిండినవనుకొన్న మనిషికి నిజానికి ముప్పదితొమ్మిదే నిండినవి.

పైకి ఇది నవ్వి విడిచిపెట్టదగిన ముచ్చటవలెనే కనిపిస్తుంది. కాని కొంచెం ఆగి ఆలోచిస్తే నవ్వు నిలువదు. పుట్టినరోజు ఎవరికీ తనంతట తానుగా జ్ఞాపకముండేది కాదు. కన్నతల్లి చెప్పవలెను, ఇంటిలో పెద్దవారు చెప్పవలెను. ఏటేటా ఆ రోజున ఎవరో ఒకరు తలచుకొంటేనే అది మనిషికి తనదవుతుంది. దేశమంతా పేరు మారుమ్రోగిన మనిషికి ఆ ఒక్క తేదీని సరిగా చెప్పి పెట్టినవారు లేకపోయినారు. తనను గురించి తనకు తెలియని సంగతి నగర కార్యాలయంలో ఒక పాత పుస్తకానికి తెలిసి ఉన్నది.

రూత్ ఎవరో, అతని ఆట ఎట్టిదో రెండు మాటలు చెప్పుకొనడం అవసరం. బేస్‌బాల్ మన క్రికెట్టుకు దూరపు బంధువువంటి ఆట. మైదానంలో నాలుగు స్థానాలుంటాయి. వాటిలో మొదటిదీ చివరిదీ ఒకటే; దానికి ఇల్లు అనే అర్థమిచ్చే హోమ్ అన్న పేరు ఉన్నది. కొట్టేవాడు అక్కడ నిలిచి బంతిని కొట్టి, తక్కిన మూడు స్థానాలను చుట్టి, తిరిగి అక్కడికే చేరితే ఒక పరుగు. బంతిని ఆవరణ దాటించి కొట్టినవాడు ఎవరి అడ్డూ లేకుండా తాపీగా చుట్టివచ్చి ఇల్లు చేరుకొంటాడు. దానిని హోమ్ రన్ అంటారు. మన ఆటలో సిక్సరుకు ఉన్న గౌరవంకన్న ఆ ఆటలో దానికి ఎక్కువ గౌరవం.

హోమ్ రన్‌ను ఆ ఆటకు ప్రాణంగా మార్చినవాడు రూత్. మొదట బాస్టన్ రెడ్ సాక్స్ జట్టులో బంతి విసిరేవాడుగా పేరు తెచ్చుకొని, 1920 నుండి 1934 వరకు న్యూయార్క్ యాంకీస్ జట్టులో ఆడినాడు. 1919లో అతడు కొట్టిన 29 హోమ్ రన్లే అంతవరకు ఎవరూ ఒక ఏడాదిలో కొట్టనన్ని. మరుసటి సంవత్సరం 54, ఆ మరుసటి సంవత్సరం 59, 1927లో 60. ఆ అరవై సంఖ్య 1961 వరకు చెక్కుచెదరలేదు. జీవితం మొత్తంమీద కొట్టిన 714 హోమ్ రన్ల లెక్క 1974 వరకు నిలిచినది. 1936లో ఆ ఆట మహనీయుల మందిరానికి మొట్టమొదట ఎన్నుకొన్న అయిదుగురిలో అతడు ఒకడు.

ఇంతటివానికి ఒక కథ కావలెను. పత్రికలు ఆ కథను సమకూర్చినవి. తల్లిదండ్రులు లేని అనాథ బాలుడు. వీధులలో తిరిగి చెడిపోతున్నవానిని క్రైస్తవ సోదరులు చేరదీసినారు. దైవానుగ్రహం వలన మహాక్రీడాకారుడైనాడు. చదివేవారికి కన్నీరు, తరువాత సంతోషం కలిగించే కథ ఇది. రూత్ దీనిని తోసిపుచ్చడానికి పెద్దగా పూనుకొనలేదు. ఆటలను గురించి, తిండిని గురించి, వినోదాలను గురించి ధారాళంగా మాట్లాడే మనిషి చిన్ననాటి ఇంటిని గురించి మాత్రం పొదుపుగానే మాట్లాడినాడు.

మనిషి మౌనంగా ఉన్నచోట కాగితాలు కొంత మాట్లాడుతవి. బాల్టిమోరు నగరంలో 1875 నుండి జననమరణాలను నమోదు చేసే ఏర్పాటు ఉన్నది. పదేండ్లకొకసారి జనాభా లెక్కలు వ్రాసేవారు ఇంటింటికీ వచ్చి, ఇంటి యజమానితో మొదలుపెట్టి అందరి పేర్లు, వయస్సులు, వృత్తులు వ్రాసుకొనేవారు. వ్యాపార సంస్థలు ఏటేటా డైరెక్టరీలను అచ్చువేసేవి. అందులో ఊరిలోని సంసారుల పేర్లు అక్షరక్రమంలో, పేరు ప్రక్కన వృత్తి, దాని ప్రక్కన ఇంటి నంబరు, వీధి ఉండేవి. అగ్నిప్రమాదాల భీమా కొరకు గీసిన పటాలలో ప్రతి కట్టడమూ కనిపించేది. ఇటుక కట్టడానికి గులాబిరంగు, చెక్క కట్టడానికి పసుపురంగు. ఇవి గాక న్యాయస్థానాల దస్తాలున్నవి. వీటిలో ఏ ఒక్కటీ ఒక మనిషి చరిత్ర వ్రాయడానికి పుట్టినది కాదు. పన్ను కొరకో, వ్యాపారం కొరకో, తగవు తీర్చడం కొరకో పుట్టినవి. అందువలననే వాటికి కథలు అల్లే ఆసక్తి లేదు.

కాగితం చిరంజీవి కాదు. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలలో ఎక్కువ భాగం 1921లో వాషింగ్టనులో జరిగిన అగ్నిప్రమాదంలో పాడైపోయినవి. రూత్ తల్లిదండ్రుల పెండ్లికి ముందటి సంగతులు వెదకేవారికి అది తీరని లోటు. బాల్టిమోరు కాగితాలకు కూడ అటువంటి గండమే ఒకటి వచ్చినది. 1904 ఫిబ్రవరి 7, ఆదివారంనాడు నగరం నడిబొడ్డున మంటలు లేచి, సుమారు ముప్పది గంటలు మండి, 1,500కు పైగా కట్టడాలను, 140 ఎకరాల మేర వ్యాపార ప్రాంతాన్ని బూడిద చేసినవి. గాలి దిశ మారడం వలన పురపాలక భవనం, న్యాయస్థాన భవనం తృటిలో తప్పించుకొన్నవి. ఆ ఫిబ్రవరి 7వ తేదీయే తన పుట్టినరోజని రూత్ నమ్మినాడు. ఆ లెక్కన అతనికి ఆనాటికి పదేండ్లు నిండినవి. నిజానికి తొమ్మిదేండ్లు, అవికూడ ముందురోజే నిండినవి.

ఆ కాగితాలు చూపే మొదటి ఇల్లు ఎమరీ వీధిలోని 216వ నంబరుది. ఇది తండ్రి ఇల్లు కాదు, తల్లి పుట్టిల్లు. తల్లి పేరు కేథరిన్. అందరూ కేట్ అనేవారు. ఆమె తండ్రి పియస్ షాంబర్గర్ జర్మనీనుండి వలస వచ్చినవాడు. కుర్చీలకు, సోఫాలకు మెత్తలు అమర్చి గుడ్డ తొడిగే పనివాడు. కార్మిక సంఘంలో పాల్గొన్నవాడు. ఆ ఇల్లు అతడు అద్దెకు తీసుకొన్నది. బాల్టిమోరులో శ్రామికుల ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని, గోడకు గోడగా, బారులు తీరి ఉంటవి. అటువంటి బారులో ఒక ఇరుకైన ఇటుక ఇల్లు అది. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్ళడం మనవారికి మాత్రమే ఉన్న ఆచారం కాదన్నమాట. 1895 ఫిబ్రవరి 6న ఆ ఇంటిలో మంత్రసాని చేతిమీదుగా పురుడు జరిగినది. బిడ్డకు తండ్రి పేరే పెట్టినారు.

తండ్రి పెద్ద జార్జి రూత్ కూడ జర్మను సంతతివాడే. పిడుగుపాటునుండి ఇళ్ళను కాపాడే లోహపు కడ్డీలు అమర్చే వ్యాపారం ఆ కుటుంబానికి ఉండేది. అతడు ఆ పనిలో కొంతకాలం ఉన్నాడు. ట్రాము బండిమీద పనిచేసినాడు. తన వారి పచారీ దుకాణంలో, దానితో కలిసి ఉన్న పానశాలలో నిలబడి సరకు అమ్మినాడు. ఒక పనినుండి మరొక పనికి, ఒక చిరునామానుండి మరొక చిరునామాకు మారుతూ వచ్చిన మనిషి. అయితే అతడు పని లేనివాడు కాదు, పని తప్పించుకొనేవాడూ కాదు. అనాథ కథలో ఈ తండ్రికి స్థానమే లేదు. కాగితాలలో మాత్రం అతడు ప్రతిచోటా ఉన్నాడు.

బిడ్డ నడక నేర్చే వయస్సులో కుటుంబం సౌత్ వుడ్యియర్ వీధిలోని 339వ నంబరు ఇంటికి మారినది. రైలు మార్గాలకు దగ్గరగా ఉన్న పేట అది. దాని చుట్టుప్రక్కల ప్రాంతానికి పిగ్‌టౌన్ అని పేరు. రైళ్ళలో వచ్చిన పందులను అక్కడి వీధులగుండా వధ్యశాలలకు తోలుకొనిపోయేవారట. ఇంజనుల పొగ, కర్మాగారాల చప్పుడు, ఇరుకు సందులు ఆ పేట స్వరూపం. 1900 నాటి లెక్కలలో బాల్టిమోరు జనసంఖ్య 5,08,957. అంత పెద్ద ఊరిలో ఇటువంటి పేటలు అనేకం.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి వేరొక పుస్తకంలో ఉన్నది. కేట్ మొత్తం ఎనిమిదిమంది బిడ్డలను కన్నది. వారిలో బ్రతికి పెద్దయినవారు ఇద్దరే: మొదటివాడైన జార్జి, అతని చెల్లెలు మేమీ. తక్కిన ఆరుగురూ పసితనంలోనే పోయినారు. ఒక ఇంటిలో ఒక తరం గడవకముందే ఆరు చిన్న శవపేటికలు బయటికి వెళ్ళినవన్నమాట. చంటిపిల్లల ప్రాణాలు గాలిలో దీపాలుగా ఉన్న ఆ కాలంలో కూడ ఇది సామాన్యమైన దుఃఖం కాదు. జనన పట్టికలో ఒక పంక్తి, మరణ పట్టికలో ఒక పంక్తి. ఆ రెండు పంక్తుల మధ్య ఒక తల్లి పడినపాటు వ్రాసుకొనడానికి ఆ పుస్తకాలలో గడి లేదు.

జార్జికి ఆరేండ్లు వచ్చేసరికి కుటుంబం మూడవ ఇంటికి చేరినది. వెస్ట్ క్యామ్డెన్ వీధిలో 426వ నంబరు. క్రింద తండ్రి నడిపే పానశాల, పైన కాపురం. రైలు స్టేషను, సరకుల గిడ్డంగులు, రేవు అక్కడికి దగ్గర. దుకాణానికి వచ్చేవారు బండ్లు తోలేవారు, ఓడ కూలీలు, రైలు పనివారు. ఉదయంనుండి అర్ధరాత్రి దాకా వ్యాపారం. దంపతులిద్దరికీ క్రింద దుకాణంతోనే సరిపోయేది. పైన బిడ్డలను చూచేవారు లేరు. కాన్పులతో, కడుపుశోకంతో తల్లి ఆరోగ్యం క్షీణించినది. పిల్లవాడికి వీధియే ఇల్లయినది. బడి ఎగవేయడం, తండ్రి దుకాణంలో చిల్లర కాజేయడం, పొగాకు నమలడం, బండ్లవారిమీద వస్తువులు విసరి పరుగెత్తడం అలవాటయినవి. ఇదంతా పెద్దయిన తరువాత అతడు దాచుకొనలేదు. చెప్పనిదల్లా ఆ ఇంటి పైఅంతస్తులో ఏమి జరిగినదో అది మాత్రమే.

1902 జూన్ 13. జీవితచరిత్రకారులందరూ ఆగి చూచే తేదీ ఇది. ఏడేండ్ల జార్జిని సెయింట్ మేరీస్ బాలుర పారిశ్రామిక పాఠశాలలో చేర్చినారు. అతనిని దిద్దరానివాడుగా అక్కడ నమోదు చేసినారు. ఏడేండ్ల పిల్లవాడిని గురించి పెద్దవారు వ్రాసిన మాట అది. అతనిమీది అధికారాన్ని తల్లిదండ్రులే ఆ సంస్థవారికి అప్పగించినారు. అనాథ కథకు ఇక్కడే అడుగు తప్పినది. అనాథను ఎవరో తెచ్చి చేరుస్తారు. ఈ పిల్లవాడిని కన్నవారే తెచ్చి చేర్చినారు. రెంటిలో ఏది ఎక్కువ బాధాకరమో తీర్పు చెప్పడం సులభం కాదు.

ఆ విధంగా నాలుగవ ఇల్లు నగరపు నైరుతి అంచున విల్కిన్స్, కేటన్ రహదారులు కలిసేచోట ఉన్న ఎత్తైన కట్టడమయినది. 1866లో స్థాపించిన ఆ పాఠశాలను జేవియరన్ సోదరులు నడిపేవారు. అక్కడ వందలకొలది బాలురు. కొందరు నిజంగా అనాథలు, కొందరు చిల్లర నేరాలు చేసినవారు, కొందరు ఇంటిలో పోషించలేనివారు. ఉదయం లేచింది మొదలు గంట కొట్టినట్లు దినచర్య. చదువుతోపాటు ప్రతివాడూ ఒక చేతిపని నేర్చుకొనవలెను. జార్జి చొక్కాలు కుట్టడం నేర్చినాడు. ఆ పనితనాన్ని గురించి పెద్దవాడైన తరువాత కూడ గర్వంగా చెప్పుకొనేవాడు. కొన్నిసార్లు ఇంటికి తిరిగి వచ్చినాడు; వచ్చిన ప్రతిసారీ ఏదో కారణంచేత తిరిగి ఆ పాఠశాలకే చేరినాడు. పందొమ్మిదవ యేడు వచ్చేవరకు అతని ముఖ్య నివాసం అదే.

అక్కడ అతనికి ఒక తండ్రి దొరికినాడు. బ్రదర్ మథయాస్ కెనడాలోని నోవాస్కోషియా ప్రాంతంవాడు. ఆరడుగులు దాటిన భారీ మనిషి. క్రమశిక్షణను చూచే అధికారి. గట్టిగా మాట్లాడవలసిన అవసరం లేని మనిషి అని చెప్పుకొనేవారు. అతడు మైదానంలో నిలబడి ఒక చేతితో బంతిని గాలిలోకి కొట్టేవాడు. అది అంత ఎత్తుకు లేవడం చూచి పిల్లలు నోరు తెరిచేవారు. జార్జి ఆ మనిషి నడకను అనుకరించినాడు, కొట్టే తీరును అనుకరించినాడు, ఒంటరిగా గంటలకొలది సాధన చేసినాడు. లోకమంతా మెచ్చిన ఆ హోమ్ రన్లు పుట్టిన చోటు ఆ పాఠశాల ఆవరణమే. ధనవంతుడైన తరువాత రూత్ ఆ గురువుకు కాడిలాక్ కారు కొనియిచ్చినాడు.

ఈ సంవత్సరాలలో నగరంలోని ఇల్లు ఏమయినది? పెద్ద జార్జి పానశాల కాన్వే వీధిలోని 406వ నంబరుకు మారినది. సుమారు 1906 నుండి 1912 వరకు అతడు దానిని నడిపినాడు. ఇది అయిదవ చిరునామా. కాని ఈ ఇంటితో పాటు న్యాయస్థానపు దస్తా ఒకటి చదువవలసి ఉన్నది. 1906లో పెద్ద జార్జి తన భార్యమీద విడాకుల వ్యాజ్యం తెచ్చినాడు. తన వద్ద పనిచేసే మనిషితో ఆమె అక్రమ సంబంధం పెట్టుకొన్నదని ఆరోపించినాడు. న్యాయస్థానం విడాకులు మంజూరు చేసి బిడ్డలను తండ్రికి అప్పగించినది. అప్పటికి జార్జికి పదకొండేండ్లు. 2018లో జేన్ లీవీ వెలువరించిన రూత్ జీవితచరిత్ర ఈ సంగతులను విస్తారంగా లోకం ముందు పెట్టినది. రూత్ చనిపోయి అప్పటికి డెబ్బది ఏండ్లు.

ఈ దస్తాను చదివేవారు ఒక జాగ్రత్త పాటించవలెను. కాగితానికి పక్షపాతం లేదన్నమాట నిజమే. కాని కాగితం వ్రాయించినవారికి పక్షం ఉంటుంది. ఆ కాలంలో విడాకులు కావలెనంటే ఎవరో ఒకరి తప్పు రుజువు కావలెను. తప్పు లేదంటే విడాకులు లేవు. ఆ తగవులో భర్తకు దుకాణమున్నది, ఆదాయమున్నది, సాక్షులున్నారు. భార్యకు ఉన్నవి ఆరు మరణాల జ్ఞాపకాలు, క్షీణించిన ఆరోగ్యం. ఆమె తప్పు చేసినదో లేదో ఆ దస్తామీద తీర్పు చెప్పవచ్చునేమో గాని, ఆమె జీవితంమీద తీర్పు చెప్పడానికి అది చాలదు. ప్రక్కనే ఉన్న మరణ పట్టికను కూడ తెరచి పెట్టుకొని చదివితేనే ఆ దస్తాకు అర్థం వస్తుంది.

కేట్ 1912 ఆగస్టులో చనిపోయినది. నలుబది ఏండ్లు కూడ నిండలేదు. జార్జికి అప్పుడు పదిహేడేండ్లు. అతడు పసివాడుగా ఉండగానే తల్లి పోయినదని చెప్పేవారికి ఈ పంక్తి సమాధానం. ఆమె బ్రతికియున్న పది సంవత్సరాలు కొడుకు అదే ఊరిలో గోడల వెనుక పెరిగినాడు. చాలాకాలం ఆమె సమాధిమీద పేరు చెక్కిన రాయి కూడ లేదు. భర్తది ఒక శ్మశానవాటిక, ఆమెది మరొకటి. కొడుకు పుట్టిన రోజు ఎవరికన్న ఆమెకు బాగా తెలిసియుండవలెను. ఆ తేదీ ఒకరోజు, ఒక సంవత్సరం తప్పిపోయి ఇరువది రెండేండ్ల తరువాత గాని సరిపడకపోవడానికి ఆ సమాధియే సగం సమాధానం.

1914 ఫిబ్రవరిలో బాల్టిమోరు ఓరియోల్స్ జట్టు యజమాని జాక్ డన్ పాఠశాలకు వచ్చి, పందొమ్మిదేండ్ల జార్జిని జట్టులో చేర్చుకొని, అతని బాధ్యత వహించి తీసుకొనిపోయినాడు. తోటివారు అతనిని డన్ తెచ్చిన పసివాడు అని వేళాకోళం చేసినారు. బేబ్ అన్న పేరు అట్లు స్థిరపడినదని చెబుతారు. కన్నతండ్రి అదే నగరంలో దుకాణం నడుపుతూ ఉండగా పరాయివాని పసివాడని పేరు రావడం విధి చేసిన చిత్రం. ఆ జూలైలోనే డన్ అతనిని బాస్టన్ జట్టుకు అమ్మివేసినాడు. అక్టోబరు 17న రూత్ బాల్టిమోరు సమీపాన ఎలికాట్ సిటీలో హెలెన్ వుడ్‌ఫర్డ్‌ను వివాహమాడినాడు.

ఇక్కడ కాగితాలు మరొక కథనాన్ని కూడ సరిదిద్దుతవి. తండ్రీకొడుకుల నడుమ శాశ్వత వైరం ఏర్పడినదనుకొంటే పొరబాటు. సంపాదన మొదలైన తరువాత రూత్ తండ్రికి సహాయం చేసినాడు. యూటా, లాంబర్డ్ వీధులు కలిసే మూలన పెద్ద జార్జి కొత్త పానశాల పెట్టినాడు. ఆట లేని శీతాకాలంలో కొడుకు భార్యతోసహా అక్కడికి వచ్చి, బల్ల వెనుక తండ్రి ప్రక్కన నిలబడి గిరాకీలను చూచినాడు. ఆ దృశ్యం చూపే ఛాయాచిత్రమొకటి మిగిలి ఉన్నది. ఇద్దరి ముఖాలు ఒకే అచ్చున పోసినట్లుంటవి. చిన్నతనంలో దొరకని ఇంటిని పెద్దవాడై కొనుక్కొన్నట్లున్నది ఆ సంగతి.

ఆ సుఖం కూడ నిలువలేదు. 1918 ఆగస్టులో పెద్ద జార్జి తన దుకాణం బయట రెండవ భార్య అన్నదమ్ములలో ఒకనితో జరిగిన కలహంలో క్రిందపడి, తల పగిలి చనిపోయినాడు. ఆత్మరక్షణగా భావించి అధికారులు ఎదుటివానిని విడిచిపెట్టినారు. ఇరువది మూడేండ్లకు రూత్ నిజంగా తల్లిదండ్రులు లేనివాడయినాడు. పత్రికలు ముందుగానే వ్రాసిన కథ ఆ విధంగా ఆలస్యంగా నిజమయినది.

ఆ ఇళ్ళ తరువాతి చరిత్ర కూడ తెలుసుకొనదగినది. ఎమరీ వీధి ఇల్లు పాడుపడి, 1967 నాటికి పడగొట్టవలసినవాటి జాబితాలో చేరినది. ఊరివారు కొందరు పూనుకొని దానిని, దాని ప్రక్కనున్న మూడు ఇళ్ళను నిలబెట్టినారు. 1974లో అది ప్రదర్శనశాలగా తెరుచుకొన్నది. 714 లెక్కను హాంక్ ఏరన్ దాటిన సంవత్సరం కూడ అదే. సెయింట్ మేరీస్ పాఠశాల 1919లో అగ్నిప్రమాదానికి గురియైనప్పుడు రూత్ ఆ పాఠశాల వాద్యబృందాన్ని తన జట్టు వెంట ఊరూర త్రిప్పి పునర్నిర్మాణానికి చందాలు వసూలు చేయించినాడు. ఆ పాఠశాల 1950లో మూతపడినది.

కాన్వే వీధి పానశాలకు పట్టిన గతి అన్నిటికన్న చిత్రమైనది. ఆ ప్రాంతంలోని పాత రైలు ఆవరణ స్థలంలో కొత్త బేస్‌బాల్ మైదానాన్ని నిర్మింపదలచినారు. నిర్మాణానికి ముందు పురావస్తు పరిశోధకులు అక్కడ త్రవ్వకాలు జరిపినారు. పాత పటాలను, డైరెక్టరీలను సరిపోల్చి చూచినప్పుడు పెద్ద జార్జి దుకాణమున్న చోటు కొత్త మైదానంలో నట్టనడుమ పచ్చికలో వస్తుందని తేలినది. 1992 ఏప్రిల్‌లో ఆ మైదానం తెరుచుకొన్నది. విడాకుల దస్తాలో విరిగిన ఆ ఇంటి స్థలంమీద ఆటగాళ్ళు బంతుల వెంట పరుగెత్తసాగినారు. రూత్ పుట్టిన ఇల్లు అక్కడికి కూతవేటు దూరంలోనే ఉన్నది.

రూత్‌కు న్యూయార్కులో మరొక ఇల్లు కలదు. 1923 ఏప్రిల్ 18న తెరుచుకొన్న యాంకీ స్టేడియమును జనం రూత్ కట్టిన ఇల్లు అని పిలిచినారు. అతనిని చూడవచ్చిన జనసందోహంవలన వచ్చిన ధనమే దానికి పునాది అన్న భావం అది. తెరిచిన రోజున అక్కడ మొదటి హోమ్ రన్ కొట్టినవాడు కూడ అతడే. 1948 ఆగస్టు 16న అతడు క్యాన్సరు వ్యాధితో మరణించినప్పుడు భౌతికకాయాన్ని అక్కడికే తీసుకొనివచ్చి ప్రజల దర్శనార్థం ఉంచినారు. వేలకు వేలు జనం బారులు తీరి వచ్చినారు. తండ్రులు బిడ్డలను ఎత్తుకొని చూపినారు. ఆ కట్టడంలో 2008లో చివరి ఆట జరిగినది. తరువాత దానిని కూలగొట్టినారు.

కాగితాలు వెదకినందువలన రూత్ గొప్పతనం తగ్గదు. ఒక్క హోమ్ రన్ కూడ లెక్కలోనుండి తొలగదు. తగ్గేది అనాథ కథ ఒక్కటే. దాని స్థానంలో నిలిచేది అంతకన్న కష్టమైన నిజం. ఈ పిల్లవాడికి తల్లి ఉన్నది, తండ్రి ఉన్నాడు, అయిదు చిరునామాలున్నవి. లేనిది ఆ అయిదింటిలో ఏ ఒక్కటీ నిలకడగా ఇల్లు కావడం. ఆస్పత్రులలో, అనాథశరణాలయాలలో పిల్లలను చూడడానికి అతడు ఎందుకంత ఇష్టంగా వెళ్ళేవాడో ఈ నిజం తెలిసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అన్నిటికన్న ముఖ్యమైన లాభం కేథరిన్‌కు కలిగినది. అనాథ కథ ఆమెను ఉనికిలో లేకుండా చేసినది. న్యాయస్థానపు దస్తా ఆమెను దోషిగా నిలిపినది. పట్టికలన్నిటినీ కలిపి చదివినప్పుడు మాత్రం పుట్టింటిలో తొలిబిడ్డను కని, ఆరుగురు బిడ్డలను మట్టికి అప్పగించి, ఏడేండ్ల కొడుకును గోడల వెనుకకు పంపి, నలుబది నిండకముందే కన్నుమూసిన ఒక స్త్రీ కనిపిస్తుంది. కొడుకు పుట్టిన నిజమైన తేదీ ఆమె చెప్పకుండానే పోయినది. ఎమరీ వీధిలో ఆ పురుడు జరిగిన ఇల్లు మాత్రం నిలిచి ఉన్నది.